పగులు పడిన ఉక్కు గొట్టము

వేసవిలో తెనాలి నుండి రేపల్లెకు పోవువారికి నెర్రెలు విచ్చిన నల్లరేగడి చేలు పరిచితములే. ఎండకు ముడుచుకొని, నీరు తగులగానే ఉబ్బు నేల అది. బాపట్ల ఇసుక నేలలకు ఆ గుణము లేదు. ఇట్టి రెండు నేలల గుండా ఒక ఉక్కు గొట్టము పోవుచున్నదనుకొందము. నల్లనేల కదలినచోట అది వంగును. అచ్చట కంటికానని పగులున్నచో ఏమగునో విచారింతము.

గొట్టపు వ్యాసము 45 సెం.మీ., మందము 9 మి.మీ., చివరలు మూసియున్నవి. లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 40 కిలోలు. ఒత్తిడిని వ్యాసముతో గుణించి, మందమునకు రెట్టింపుతో భాగించినచో గొట్టపు గోడలో చుట్టువైపు లాగుడు 1000 కిలోలని తేలును. పొడవువైపు లాగుడు అందులో సగమే. కనుక ఒత్తిడికి ముందుగా తెరచుకొనునది నిలువు పగులు. ఉంగరమువలె గొట్టమును చుట్టిన అడ్డపగులు అంతగా భయపెట్టదు. కాని నేల కుంగి గొట్టము వంగినప్పుడు, సాగిన వైపున మరియొక 500 కిలోలు చేరెనా, అడ్డపగులునకు కూడ 1000 కిలోల లాగుడే! ఒత్తిడిని వేరుగా, వంపును వేరుగా చూచి గొట్టము క్షేమమని చెప్పుట మా దృష్టిలో సగము లెక్క.

పగులు పొడవు మరియొక సంగతి. గ్రిఫిత్ గాజుపై చేసిన పరిశోధన 1921లో వెలువడినది. ఇర్విన్ 1957లో దానిని లోహములకు అనువుగా విస్తరించెను. వారి సూత్రము ననుసరించి పగులు నాలుగింతలైనచో దాని కొనవద్ద తీవ్రత రెండింతలగును. అయితే మంచి ఉక్కు గాజువలె భళ్లున పగులదు. పగులు కొన మొద్దుబారి, కొంచెము కొంచెముగా చీలును. అందుచేత గొట్టము తెగుటకు ముందే కారి హెచ్చరించునని ఇంజనీర్ల ఆశ. భాభా అణు పరిశోధన కేంద్రము వారు పగుళ్లు పెట్టిన ఉక్కు గొట్టములను వంచి పరీక్షించినది దీనికొరకే.

నీటి గొట్టము కారినచో హెచ్చరికయే. వాయువు సంగతి అట్లుకాదు. 2014 జూన్ 27 వేకువన కోనసీమలోని నగరం గ్రామమున 18 అంగుళముల గ్యాసు గొట్టము నుండి వెడలిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. అచ్చట గొట్టమును తినినది తుప్పు; వంపు కాదు. కాని కారుట హెచ్చరిక గాక మృత్యువైనది.

గొట్టము లోపల నడచు అయస్కాంత యంత్రములు నేడు కలవు. అవి గోడ పలుచబడిన చోటును చక్కగా పట్టును. సన్నని నిలువు పగులును తరచు విడిచిపెట్టును. నేల ఎంత కుంగినదో తెలియుటకు వేరొక కొలత కావలెను.