గిన్నె ఖాళీ అవుతున్నా.. పన్ను బాధిస్తుండొచ్చు!

పిల్లి వేళకు తింటోంది, గిన్నె ఖాళీ అవుతోంది. ఇక దానికేం బాధ ఉంటుందిలే అనుకుంటాం. కానీ పళ్ల విషయంలో ఈ ధీమా పనికిరాదు. నొప్పిని దాచుకోవటం పిల్లి నైజం. పన్ను సలుపుతున్నా ఆకలికి ఎలాగోలా తినేస్తుంది. అందుకే చాలా పిల్లుల్లో సమస్య బాగా ముదిరాక గానీ బయటపడదు.

నాలుగేళ్లు దాటిన పిల్లుల్లో 50 నుంచి 90 శాతం వరకు ఏదో ఒక దంత సమస్యతో బాధపడుతుంటాయని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పశువైద్య నిపుణుల అంచనా. వీటిలో ప్రధానమైనవి మూడు. ఒకటి చిగుళ్ల వాపు. రెండోది పన్నును పట్టి ఉంచే కణజాలం, ఎముక దెబ్బతినటం. మూడోది, మనలో చాలామందికి తెలియనిది.. పన్నే కరిగిపోవటం. దీన్నే టూత్ రిసార్ప్షన్ అంటారు.

పుచ్చు కాదు.. కరుగుదల

మన పళ్లు పుచ్చిపోవటానికి తీపి పదార్థాలు, నోట్లోని బ్యాక్టీరియా కారణం. పిల్లుల్లో జరిగేది వేరు. అసలు వాటికి తీపి రుచే తెలియదు. పాలపళ్లు ఊడే వయసులో వాటి వేళ్లను కరిగించేందుకు ఒడాంటోక్లాస్ట్ అనే కణాలు పనిచేస్తాయి. దాదాపు ఆరు నెలల వయసుకు 30 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. అప్పటితో ఈ కణాల పని ముగిసిపోవాలి. కానీ కొన్ని పిల్లుల్లో ఇవి తర్వాతెప్పుడో మళ్లీ చురుకై, గట్టి పళ్లనే కరిగించటం మొదలెడతాయి. ఎందుకిలా జరుగుతుందన్నది వైద్యశాస్త్రానికి ఇంకా అంతుపట్టలేదు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని మాత్రం తేలింది. 30 నుంచి 70 శాతం పిల్లుల్లో దీని ఆనవాళ్లు కనిపిస్తాయని అంచనా.

కింది దవడలోని పక్క పళ్లు తరచుగా దీని బారినపడుతుంటాయి. చిగురు అంచు దగ్గర గుంట పడుతుంది. అందులోకి చిగురు పెరిగి, పన్ను మీద ఎర్రటి మచ్చలా కనిపిస్తుంది. ఎనామిల్ పోయి లోపలి డెంటిన్ పొర బయటపడితే నొప్పి తీవ్రమవుతుంది. చివరికి పై భాగం విరిగిపోయి, వేరు ముక్క లోపలే ఉండిపోవచ్చు.

ఈ మార్పులు గమనించండి

* తల ఒక పక్కకు వంచి, ఒకవైపే నమలటం
* గిన్నె దగ్గరకు ఆశగా వచ్చి, ముట్టకుండా వెనుదిరగటం
* నోట్లోంచి ముద్ద జారిపోవటం, గట్టి గుళికల్ని నమలకుండా మింగటం
* చొంగ కారటం, కాలితో మూతి గీరుకోవటం, దుర్వాసన
* ఒళ్లు నాక్కోవటం తగ్గి, బొచ్చు చిందరవందరగా తయారవటం
* మూలల్లో దాక్కోవటం, దగ్గరకు తీస్తే కసురుకోవటం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోవద్దు. పశువైద్యుడికి చూపించాలి.

ఎక్స్‌రేతోనే అసలు సంగతి

పిల్లి మెలకువగా ఉన్నప్పుడు నోరు తెరిచి చూస్తే కొంతే తెలుస్తుంది. మత్తు ఇచ్చి, ఒక్కో పన్నును పరీక్షించి, దంతాల ఎక్స్‌రే తీస్తేనే చిగురు కింద ఏం జరుగుతోందో బయటపడుతుంది. ఒకప్పుడు గుంటలను సిమెంటుతో నింపి చూశారు. అయితే కరగటం ఆగకపోవటంతో ఫలితం దక్కలేదు. ఇప్పుడు బాధిస్తున్న పన్నును తీసేయటమే ప్రధాన చికిత్స. వేరు గట్టిగా ఉంటే మొత్తం తీస్తారు. అప్పటికే వేరు ఎముకలో కలిసిపోతే పై భాగం తీసి చిగురు కుడతారు. ఏది అవసరమో చెప్పేది ఎక్స్‌రేనే. కాబట్టి దంతాల ఎక్స్‌రే ఉందో లేదో ముందే అడిగి వెళ్లటం మంచిది. మత్తు ఇవ్వకుండా పైపైన గార గీకితే పళ్లు తెల్లగా కనిపిస్తాయి గానీ జబ్బు లోపలే ఉండిపోతుంది.

‘పళ్లు తీసేస్తే ఎలా తింటుంది?’ అన్నది చాలామంది భయం. పిల్లి మనలా ఆహారాన్ని నూరి తినదు. ముక్కలుగా కొరికి మింగేస్తుంది. పళ్లు చాలావరకు తీసేసినా మెత్తటి ఆహారాన్ని హాయిగా తినగలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, దానికి నొప్పి పోతుంది.

ఇంటి వైద్యం ప్రాణాంతకం

పంటి నొప్పి అనగానే మనకు గుర్తొచ్చేవి పారాసిటమాల్, లవంగ నూనె. రెండూ పిల్లికి విషమే. పారాసిటమాల్‌ను విడగొట్టి బయటకు పంపే సామర్థ్యం పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయొచ్చు. పొరపాటున మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మనం వాడే ఇతర నొప్పి మాత్రలూ సొంతంగా ఇవ్వొద్దు. పిల్లి పూర్తిగా తినటం మానేస్తే రెండు మూడు రోజుల్లోనే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదముంది. లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. కాబట్టి ఒక రోజంతా తిండి ముట్టకపోతే వెంటనే వైద్యుడిని సంప్రదించాలి.

బ్రష్ అలవాటు చేయొచ్చా?

చేయొచ్చు. కూనగా ఉన్నప్పుడే మొదలెడితే తేలిక. ముందు కొద్ది రోజులు వేలితో పెదవి ఎత్తి చిగుళ్లను సుతారంగా తాకుతూ అలవాటు చేయాలి. తర్వాత మెత్తటి చిన్న బ్రష్‌తో, పెంపుడు జంతువుల కోసమే తయారుచేసిన పేస్ట్‌తో రోజూ పళ్ల బయటి వైపు తోమాలి. మన పేస్ట్ వాడొద్దు. పిల్లి దాన్ని ఉమ్మేయలేదు, మింగేస్తుంది. అయితే ఇప్పటికే నోరు నొప్పిగా ఉన్న పిల్లికి చికిత్స తర్వాతే బ్రష్ చేయాలి.

బ్రష్ చేయటం వల్ల పాచి, చిగుళ్ల జబ్బు తగ్గుతాయి. పన్ను కరిగిపోవటాన్ని మాత్రం కచ్చితంగా ఆపే మార్గం లేదు. త్వరగా గుర్తించటమే మన చేతిలో ఉన్నది. అందుకే వారానికోసారి పెదవి ఎత్తి చూడండి. టీకాకు తీసుకెళ్లినప్పుడు పళ్లనూ చూడమని అడగండి. పళ్ల దగ్గర ఎర్రటి మచ్చ కనిపిస్తే మాత్రం పిల్లి ఎంత బాగా తింటున్నా ఆలస్యం చేయొద్దు.