చైనా కార్వెట్లు: తీరం కాపలా నుంచి జలాంతర్గాముల వేట దాకా

చైనా నౌకాదళం గురించి జరిగే చర్చ సాధారణంగా లియావోనింగ్, షాన్‌డాంగ్, ఫుజియాన్ అనే మూడు విమానవాహక నౌకల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, 2012 తరువాతి పదేళ్లలోపే ఆ దేశం ఒకే నమూనా మీద 72 చిన్న యుద్ధనౌకలను కట్టి సముద్రంలోకి దింపిన సంగతి నిపుణుల వలయం దాటి పెద్దగా బయటికి రాలేదు. ‘టైప్ 056’ అని పిలిచే ఈ నౌకలు కార్వెట్ తరగతికి చెందినవి. గస్తీ పడవ కంటే పెద్దదిగా, ఫ్రిగేట్ కంటే చిన్నదిగా ఉండి, తీరానికి మరీ దూరం పోకుండా కాపలాకూ యుద్ధానికీ కూడా పనికివచ్చే నౌకను కార్వెట్ అంటారు. విమానవాహక నౌకలు ఒక దేశపు ఆశయాన్ని చాటితే చాటవచ్చు గాని, చైనా నౌకాదళం తీరాన్ని విడిచి మహాసముద్రంలోకి ఎలా వెళ్లగలిగిందో అర్థం కావాలంటే ఈ చిన్న నౌకల కథే ఎక్కువ ఉపయోగపడుతుంది.

1949లో ఏర్పడిన చైనా నౌకాదళానికి మొదటి మూడు దశాబ్దాల పాటు తీరరక్షణే ప్రధాన కర్తవ్యం. పెద్ద నౌకలు కట్టే పరిజ్ఞానం గాని, డబ్బు గాని లేని ఆ రోజుల్లో చౌకగా, పెద్ద సంఖ్యలో కట్టగలిగిన చిన్న పడవలే దానికి బలం. 1960లలో మొదలైన ‘టైప్ 037’ జలాంతర్గామి వేట పడవ బరువు సుమారు 400 టన్నులు. సోవియట్ ఓసా తరగతి క్షిపణి పడవకు చైనా చేసుకున్న నకలు ‘టైప్ 021’. ఓసా పడవలు భారతీయ పాఠకులకు కొత్తవి కావు, 1971 డిసెంబరులో కరాచీ రేవు మీద భారత నౌకాదళం దాడి జరిపింది వాటితోనే. 1974 జనవరిలో పారాసెల్ దీవుల దగ్గర దక్షిణ వియత్నాం నౌకలతో జరిగిన ఘర్షణలో ‘టైప్ 037’ పడవలు రెండు పాల్గొని న్హాత్ తావో అనే ప్రత్యర్థి నౌకను ముంచడం ఆ తరం పడవలకు దక్కిన పెద్ద విజయం. అయితే గాలి రేగితే ఇటువంటి పడవలు సముద్రంలో నిలవలేవు, విమానం మీద పడితే తమను తాము కాపాడుకోలేవు, రోజుల తరబడి గస్తీ తిరగాలంటే వాటిలోని సిబ్బందికి తగిన వసతి ఉండదు.

1982 నుంచి 1988 వరకు నౌకాదళాధిపతిగా ఉన్న లియూ హువాచింగ్, తీరం ఒడ్డునే కాచుకొని కూర్చోవడం కాక జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్ మీదుగా సాగే ‘మొదటి ద్వీపమాల’ వరకు ఉన్న సముద్రమంతటినీ అదుపులో పెట్టుకోవాలన్న ‘సమీప సముద్ర రక్షణ’ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చినప్పుడు, పాత పడవల పరిమితి మరింత స్పష్టమయింది. దానికి తొలి సమాధానంగా 2004లో కనిపించిన ‘టైప్ 022’ క్షిపణి పడవ చూపులకు చాలా ఆధునికమైనది: రెండు సన్నని దేహాలను పక్కపక్కన కలిపి కట్టిన రూపం, శత్రు రాడార్‌కు తేలికగా చిక్కని కోణాలు, ఎనిమిది నౌకా విధ్వంసక క్షిపణులు. కానీ సుమారు 220 టన్నుల ఆ పడవ చేయగలిగిన పని ఒక్కటే, వేగంగా వెళ్లి క్షిపణులు వదిలి తిరిగి రావడం. యుద్ధం వచ్చిన నాడు తప్ప దానికి పెద్దగా పని లేదు; యుద్ధం లేని రోజులే ఎక్కువ అన్నది నౌకాదళాలు కొన్నిసార్లు ఆలస్యంగా గ్రహించే విషయం.

ఈ లోటును తీర్చడానికి వచ్చినదే ‘టైప్ 056’. మొదటి నౌక 2012లో షాంఘైలోని హూడాంగ్ నౌకానిర్మాణ కేంద్రంలో నీటిలోకి దిగి, 2013లో ‘బెంగ్‌బూ’ పేరుతో సేవలో చేరింది. సుమారు 90 మీటర్ల పొడవు, నిండు బరువులో దాదాపు 1,500 టన్నులు ఉండే ఈ నౌక డీజిల్ ఇంజిన్లతో నడుస్తూ, 25 నాట్లకు పైగా వేగాన్ని అందుకోగలదు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు. ముందుభాగంలో 76 మిల్లీమీటర్ల ఫిరంగి, నడుమ నాలుగు నౌకా విధ్వంసక క్షిపణులు, పక్కల టార్పెడో గొట్టాలు, దగ్గరికి వచ్చిన విమానాలనూ క్షిపణులనూ కూల్చడానికి వెనుక ఎనిమిది చిన్న క్షిపణుల పెట్టె ఉంటాయి. వీటన్నిటి కంటే ఆసక్తికరమైన అంకె సిబ్బందిది. అంతకు ముందరి ఫ్రిగేట్లలో నూట యాభైకి మించి నావికులు పనిచేసిన చోట ఇందులో సుమారు 80 మంది సరిపోతారు. తక్కువ మందితో ఎక్కువ నౌకలను నడపగలగడమే కాక, యువ అధికారులకు స్వతంత్రంగా ఒక యుద్ధనౌకను నడిపే అవకాశం డజన్ల సంఖ్యలో దొరికింది. నేడు చైనా డిస్ట్రాయర్లకు కావలసిన అధిపతులను తయారుచేయడంలో ఈ చిన్న నౌకల వంతు తక్కువది కాదనుకోవచ్చు.

నిర్మాణాన్ని షాంఘై, గ్వాంగ్‌జౌ, డాలియన్ ప్రాంతాల కేంద్రాలతో పాటు సముద్రానికి వందల కిలోమీటర్ల లోపల యాంగ్‌సీ నది ఒడ్డున ఉన్న ఊహాన్‌లోని ఊచాంగ్ కేంద్రానికి కూడా పంచారు. నాలుగు చోట్లా ఒకే నమూనా, అవే ఇంజిన్లు, అవే ఆయుధాలు కావడం వల్ల విడిభాగాలు, శిక్షణ, మరమ్మతు అన్నీ సులువయ్యాయి. పాత కాలంలో పెద్ద నౌకలను ఒక్కో తరగతిలో కొద్దిగానే కట్టి, లోపాలు చూసుకొని, మరో నమూనాకు మారే అలవాటున్న చైనా నౌకాదళానికి ఇది పెద్ద మార్పు.

అయినా కడుతూ ఉండగానే నమూనా మారింది. ‘056ఎ’ అనే రెండవ రూపంలో నౌక వెనుక భాగాన ఒక తలుపు తెరుచుకొని, పొడవాటి తీగకు కట్టిన సోనార్ నీటిలోకి దిగుతుంది. నీటిలో ధ్వనిని పంపి లేదా విని వస్తువులను కనిపెట్టే పరికరమే సోనార్. సముద్రంలో పై పొర ఎండకు వేడెక్కి, దాని కింద నీరు ఉన్నట్టుండి చల్లబడుతుంది. ఆ రెండు పొరలు కలిసే చోట ధ్వని వంగిపోతుంది కాబట్టి, నౌక అడుగున అమర్చిన సోనార్‌కు చల్లని పొరలో దాగిన జలాంతర్గామి సరిగా వినిపించదు. తీగతో దింపే సోనార్‌ను ఆ హద్దు దాటించి కిందికి పంపవచ్చు. పైగా చైనాను ఆనుకొని ఉన్న పసుపు సముద్రం సగటు లోతు 50 మీటర్లకు లోపే. అటువంటి చోట ధ్వని అడుగున తగిలి పైకీ కిందికీ ప్రతిధ్వనిస్తుంది, వేల చేపల పడవల ఇంజిన్ల రొద దానికి తోడవుతుంది. అమెరికా, జపాన్ జలాంతర్గాములు, 2014 నుంచి వియత్నాం చేతికి వచ్చిన ఆరు రష్యన్ కిలో జలాంతర్గాములు తిరిగే సమీప సముద్రాల్లో చైనాకు చిరకాలంగా ఉన్న బలహీనత జలాంతర్గాములను పసిగట్టలేకపోవడమే. మొత్తం 72 నౌకల్లో 50 ‘056ఎ’ రూపంలో వచ్చాయంటే, ఈ బలహీనతను వారు ఎంత తీవ్రంగా తీసుకున్నారో తెలుస్తుంది.

మిగిలిన 22 నౌకల గతి ఇంకా విచిత్రం. సేవలో చేరి పదేళ్లయినా నిండకముందే, 2021 ప్రాంతంలో, వాటి మీది క్షిపణులు తీసివేసి, తెల్ల రంగు వేసి, చైనా తీర రక్షక దళానికి అప్పగించారు. ఈ దళం 2018లోనే సాయుధ పోలీసు వ్యవస్థ ద్వారా కేంద్ర సైనిక కమిషన్ కిందికి చేరింది. 2021 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన చట్టం విదేశీ నౌకల మీద అవసరమైతే ఆయుధాలు వాడే అధికారాన్ని దానికి ఇచ్చింది. ఫిలిప్పీన్స్, వియత్నాం జాలర్లకు ఎదురుపడే తెల్ల నౌకల్లో కొన్ని నిన్నటి దాకా యుద్ధనౌకలే. చిన్న నౌకలను ఆధునికీకరించింది తీరం పనిని నౌకాదళం మెరుగ్గా చేయడానికే అనిపించినా, చివరికి జరిగింది ఆ పనిని క్రమంగా మరొకరికి వదిలిపెట్టడం; డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు హిందూ మహాసముద్రం దాకా వెళ్లగలిగిన తీరిక అలాగే దొరికింది.

వీటి లోపాలూ చిన్నవి కావు. హెలికాప్టర్ దిగే వేదిక ఉంది గాని దాన్ని నిలిపి ఉంచే హ్యాంగర్ లేదు; జలాంతర్గామి వేటలో హెలికాప్టరే సగం బలం కాబట్టి ఇది పెద్ద వెలితి. గగనతల రక్షణ క్షిపణులు పది కిలోమీటర్ల లోపే పనిచేస్తాయి, కనుక తీరంలోని విమానాల నీడ దాటితే ఈ నౌక ఒంటరిదే. చైనా నౌకాదళంలో 370కి పైగా నౌకలున్నాయని, సంఖ్యలో అది ప్రపంచంలోనే పెద్దదని చెప్పే లెక్కల్లో ఈ కార్వెట్లు కూడా కలిసి ఉంటాయి. 1,500 టన్నుల నౌకనూ పది వేల టన్నుల నౌకనూ ఒక్కొక్కటిగానే లెక్కించే ఆ పోలిక వల్ల భయం పెరుగుతుందే తప్ప అవగాహన పెరగదు.

బంగాళాఖాతానికి ఈ నౌకలు మరో దారిన వచ్చాయి. ఇదే నమూనా మీద ఊచాంగ్‌లో కట్టిన ‘స్వాధీనత’, ‘ప్రత్యయ్’ నౌకలను బంగ్లాదేశ్ 2016లో, మరో రెంటిని 2020లో తన నౌకాదళంలో చేర్చుకుంది. నైజీరియా కూడా ఈ నమూనాకు దగ్గరి గస్తీ నౌకలు రెంటిని కొన్నది. విశాఖపట్నం కేంద్రంగా ఉన్న భారత తూర్పు నౌకాదళ కమాండ్ సైతం తీరానికి దగ్గరి లోతు తక్కువ జలాల్లో జలాంతర్గాములను వెదకడానికి చిన్న నౌకలనే నమ్ముకుంటోంది. ఈ పనికి ఉద్దేశించిన 16 నౌకల్లో మొదటిదైన 77 మీటర్ల ‘ఐఎన్ఎస్ అర్నాలా’ 2025 జూన్‌లో విశాఖలోనే సేవలో చేరింది.

చైనా కార్వెట్లకు తీరమే హద్దు అన్న మాటకు ఇటీవల ఒక సవరణ కూడా అవసరమయింది. 2023 డిసెంబరు నుంచి ‘056ఎ’ నౌకలు కంబోడియాలోని రియామ్ స్థావరంలో, చైనా కట్టించిన కొత్త రేవులో, నెలల తరబడి నిలిచాయి. ఈ తరగతి నౌకలు రెండు తమకు రానున్నాయని కంబోడియా 2024లో ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో అక్కడ రెండు దేశాల ఉమ్మడి శిక్షణ కేంద్రం మొదలయింది. దూరప్రయాణానికి తగినంత ఇంధనం, వసతి లేని నౌకకు పరాయి దేశంలో ఒక రేవు దొరికితే ఆ రేవు చుట్టూ ఉన్న సముద్రమే దానికి సమీప సముద్రమవుతుంది. రియామ్ నుంచి చూస్తే ఆ సముద్రం థాయ్‌లాండ్ సింధుశాఖ.