అన్నియునా, కొన్నియేనా?

పల్సానా పరిసరాల్లోని అద్దకపు మిల్లులకు ఆవిరియే ప్రాణం. అటువంటి ఒక మిల్లులో నాలుగు బాయిలర్లు ఉన్నవనీ, నోటీసు బోర్డుపై "నిన్న మరమ్మతు చేసిన బాయిలర్లను నడపవచ్చును" అని వ్రాసినారనీ అనుకొందాం. మరమ్మతు నాలుగింటికీ జరిగినదా, రెండింటికేనా? ఆ వాక్యం చెప్పదు. తెలుగులో విశేషణం నామానికి ముందు నిలిచి ఊరకుంటుంది. అది అన్నిటినీ వర్ణించుచున్నదో, కొన్నిటిని వేరుచేయుచున్నదో సందర్భాన్ని బట్టి మనమే గ్రహించవలెను.

ఇంగ్లీషులో ఈ భేదాన్ని కామా చూపుతుంది. "ది బాయిలర్స్ విచ్ వర్ రిపేర్డ్ యెస్టర్‌డే మే బి స్టార్టెడ్" అన్నచో మరమ్మతైనవి మాత్రమే నడపవచ్చును. "ది బాయిలర్స్, విచ్ వర్ రిపేర్డ్ యెస్టర్‌డే, మే బి స్టార్టెడ్" అన్నచో అన్నియు మరమ్మతైనవే, అన్నిటినీ నడపవచ్చును. బాగుపడినవి రెండే అయినప్పుడు ఈ రెండవ వాక్యం వ్రాస్తే, బాగుకాని బాయిలరు క్రింద మంట పెట్టుమని చెప్పినట్లే.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుచున్నది. మగ్గాల పనికై తెలంగాణ నుండి తరలివచ్చిన కుటుంబాల పిల్లలకైనా, మన కాలనీ పిల్లలకైనా "ఊపిరి తీసుకొనేచోట కామా పెట్టు" అని నేర్పడం మాకు సమ్మతం కాదు. "అన్నియునా, కొన్నియేనా?" అని ప్రశ్నించుకొమ్మనడం మేలు.

కెనడాలో స్తంభాల అద్దెకై రెండు కంపెనీలు, రోజర్స్, అలియంట్, 2002లో ఒప్పందం చేసుకొన్నవి. ఒప్పందం ఐదేండ్లు అమలులో ఉండుననీ, పిమ్మట ఐదేసి ఏండ్ల చొప్పున కొనసాగుననీ వ్రాసి, కామా పెట్టి, ఏడాది ముందు నోటీసుతో రద్దు చేయనంతవరకు అని చేర్చినారు. ఆ కామా వలన రద్దు షరతు మొదటి ఐదేండ్లకు కూడా వర్తించునని 2006లో నియంత్రణ సంస్థ తేల్చినది. 2007లో ఫ్రెంచి ప్రతిని చూచి ఆ సంస్థయే తన నిర్ణయాన్ని మార్చుకొన్నది. మన టెండరు పత్రాలకు ఫ్రెంచి ప్రతి ఉండదు కదా!

వాక్యారంభంలో వచ్చే పదబంధాల విషయంలో మాత్రం తెలుగే మనకు గురువు. "చెకింగ్ ది గేజ్, ది స్టీమ్ లీక్డ్" అని వ్రాసేవారు "గేజిని పరీక్షించుచు ఆవిరి కారినది" అని ఎన్నడూ అనరు. గేజిని చూచినది ఆవిరి కాదు గదా! "ఆపరేటరు పరీక్షించుచుండగా" అని కర్తను వేరుగా చెబుతారు. ఇంగ్లీషులోనూ అంతే: "వైల్ ది ఆపరేటర్ వాజ్ చెకింగ్ ది గేజ్, ది స్టీమ్ లీక్డ్."