ఇంజను విడిచే ఊపిరి

అనకాపల్లి స్టేషనులో ఆగకుండా పోయే బండి ఒకటి దాటినప్పుడు గమనించండి. ప్లాటుఫారము మీది ఎండుటాకులు, కాగితపు ముక్కలు దాని వెనుకనే పరుగెత్తుతాయి. బండి ఖాళీచేసిపోయిన చోట పీడనము తగ్గి, చుట్టుపట్ల గాలి అక్కడికి ఉరుకుటయే కారణము. ఈ చిన్న సంగతి మోటారుకారును గురించిన ఒక ప్రశ్నకు దారి చూపుతుంది.

ప్రశ్న తెచ్చినవాడు మా కళాశాల విద్యార్థి. అమెరికాలో ఉద్యోగము చేస్తున్న అతని అన్న 1965 నాటి ఫోర్డు మస్టాంగు కారు నొకదానిని కొన్నాడు. ఇంజనుకున్న పాత పోత ఇనుప పొగదారి తీసివేసి, పొట్టి ఉక్కు గొట్టములు బిగించుకోమని స్నేహితులు చెప్పుచున్నారట. "అవి పొగను పీల్చివేస్తాయంటున్నారు, నిజమేనా సార్?" అని అడిగాడు.

ఆ కారు ఇంజనులో ఎనిమిది సిలిండర్లు. ఆంగ్లాక్షరము 'వి' ఆకారములో అటు నాలుగు, ఇటు నాలుగు. మొత్తము ఘనపరిమాణము సుమారు 4.7 లీటర్లు. ఒక్కొక్క ప్రక్క నాలుగు సిలిండర్ల పొగ ఒకే ఇనుప పెట్టెవంటి దారిలోనికి వస్తుంది. నాలుగు గదుల తలుపులు ఒకే ఇరుకు వసారాలోనికి తెరచుకొన్నట్లు ఊహించుకోండి.

ఉపాధ్యాయులు నల్లబల్ల మీద ఈ వరుస వ్రాయించవచ్చును: 1-5-4-2-6-3-7-8. సిలిండర్లు మండే క్రమమిది. ఇంజను రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు, తిరుగులోపల ఎనిమిదీ మండవలెను గనుక, ఒకదానికి మరొకదానికి ఎడము 90 డిగ్రీలు. ఒకటి నుండి నాలుగు వరకు కుడి ప్రక్కవి. వరుసలో 4 తరువాత వెంటనే 2 వచ్చినది చూడండి. రెండూ ఒకే ప్రక్కవి! పొగ కవాటము తెరచియుండునది సుమారు 240 డిగ్రీలు. నాల్గవ సిలిండరు తన పొగను ఇంకను వెళ్ళగొట్టుచుండగానే, రెండవదాని కవాటము తెరచుకొని, అనేక వాతావరణముల పీడనముతో వాయువు వసారాలోనికి దూకుతుంది. అందులో కొంత నాల్గవ సిలిండరు మీదికే వస్తుంది. వీ-ఎనిమిది ఇంజనుకు పేరుతెచ్చిన ఆ ఎగుడుదిగుడు గుడగుడ శబ్దము కూడ ఈ వరుస పుణ్యమే.

ఒక్కొక్క సిలిండరుకు వేరు గొట్టమిచ్చి, కొంత దూరము పోయిన తరువాత కలిపితే ఈ త్రోపులాట తగ్గుతుంది. ఇంతవరకు స్నేహితుల మాట సరియే.

మరి పీల్చుట? గొట్టములో పోవు సంపీడన తరంగము వెడల్పైన కూడలిని చేరినప్పుడు విరళీకరణ తరంగముగా పరావర్తనము చెంది వెనుకకు వస్తుంది. తెరచిన గొట్టములలో అనునాదము నేర్చినవారికి ఇది క్రొత్త కాదు. అల్పపీడనము గల ఆ తరంగము సరియైన సమయానికి కవాటము వద్దకు చేరితే మిగిలిన పొగను బయటికి లాగుతుంది. అంతా సమయములోనే ఉన్నది.

లెక్క చూతము. 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ధ్వనివేగము సెకనుకు 347 మీటర్లు. వాయువు 627 డిగ్రీల వేడిలో ఉన్నదనుకొంటే, పరమ ఉష్ణోగ్రత 300 నుండి 900కు, మూడు రెట్లయినది. వేగము దాని వర్గమూలమును బట్టి పెరుగుతుంది గనుక సుమారు 600 మీటర్లు. పొట్టి గొట్టము 40 సెంటీమీటర్లయితే రానుపోను 0.8 మీటరు; పట్టు కాలము సెకనులో 750వ వంతు. నిమిషానికి 3000 చుట్లు తిరుగు ఇంజను అంతలో తిరుగునది 24 డిగ్రీలే! పీల్పు కావలసినది కవాటము తెరచియుండు కాలములో రెండవ సగమున, అనగా 120 డిగ్రీలు దాటిన తరువాత. అందుకు ఇంజను 15,000 చుట్లు తిరగవలెను. ఆరువేలకే ఆయాసపడే పాత ఇంజనుకు అది కలలోని మాట. 90 సెంటీమీటర్ల గొట్టమైతే ఆరువేల చుట్ల వద్ద 108 డిగ్రీలు వస్తుంది. పందెపు కార్లకు పొడవు గొట్టములు అందుకే.

బెల్లము పొయ్యికి గొట్టము ఎత్తైనకొద్దీ మంట బాగా లాగును గదా, ఇదీ అంతేనా అని వెనుక బల్ల నుండి మరొకడు అడిగాడు. కాదు. అక్కడ పని చేయునది వేడిగాలి తేలికదనము, ఇక్కడ తరంగము.

1965లో కరోల్ షెల్బీ తయారుచేసిన జీటీ-350 మస్టాంగులో గొట్టములను రెండేసిగా కలిపి, ఆ జంటలను మరల ఒకటిగా కలిపిరి. త్రోపులాట తప్పించుటకు అదొక ఉపాయము. సామాన్యులు పొట్టివి కోరుటకు కారణము చోటు: ఆ కారులో ఇంజనుకు ఇరుప్రక్కల స్ప్రింగుల గూళ్ళు ఇరుకుచేస్తాయి, పొడవువి స్టీరింగు కడ్డీలకు తగులుతాయి, నేలకు వ్రేలాడుతాయి. మన స్పీడుబ్రేకర్ల సంగతి చెప్పనక్కరలేదు.

బిగించుటలో చిక్కులున్నవి. అరువదేండ్ల తుప్పుపట్టిన బోల్టులు విరుగుతాయి. పలుచని ఉక్కు ఎక్కువ వేడి వెదజల్లి ప్లగ్గుల తీగలను కాల్చగలదు. గాలి ఎక్కువ వచ్చుటచేత పెట్రోలు పాలు చాలకపోతే కార్బురేటరును సరిచేయవలెను.

మన కుర్రవాళ్ళు మోటారుసైకిలు సైలెన్సరు మార్చి చేసే మోతకు ఈ లెక్కతో సంబంధము లేదు. మోత శక్తి కాదు. పైగా మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇష్టము వచ్చినట్లు మార్పులు చేయరాదంటుంది. 2019 సవరణ ప్రకారము యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేక రెండూ.

విద్యార్థి ఈ లెక్కనంతటిని అన్నకు పంపాడు. లెక్క బాగున్నది గాని, బోల్టులు రెండు అప్పుడే విరిగిపోయినవని జవాబు వచ్చినదట.