మీకు తెలుసా? రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టినా గేమ్ రెట్టింపు వేగంతో నడవదు!

జగిత్యాలలోనో కోరుట్లలోనో గేమింగ్ పీసీ బిగించుకునేవాళ్లు రెండో కార్డు కొనేముందు ఇవి చూసుకోవాలి.

• 1998లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ2 కార్డులను జంటగా పనిచేయించింది. తెరపై ఒక గీత ఒకటి, పక్క గీత ఇంకొకటి గీసేవి.

• కార్డులను ఇలా జతచేయడానికి 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐని, 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్‌ను తెచ్చాయి. 2006లో ఏటీఐని ఏఎండీ కొనేసింది.

• తర్వాతి పద్ధతిలో కార్డులు ఒక ఫ్రేమ్ విడిచి ఒకటి గీసేవి. సిరిసిల్లలో ఒకే చీరను రెండు సాంచాల మీద జానెడు జానెడు నేయించినట్టు! ఫ్రేముల లెక్క పెరిగినా వాటి మధ్య వ్యవధి కుదరక బొమ్మ కుదుపులతో కదిలేది.

• మెమరీ కూడా కలవదు. ఒకే డేటా రెండింటిలోనూ ఉండాలి కాబట్టి రెండు 8 జీబీ కార్డులున్నా గేమ్‌కు దక్కేది 8 జీబీయే.

• 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3090లో జంట కట్టే కనెక్టర్ ఉంది. 2022లో వచ్చిన 4090లో దాన్ని తీసేశారు. రెండు 3090లు కలిస్తే కరెంటు వాడకం 700 వాట్లు.

• 3డీ రెండరింగ్, ఏఐ శిక్షణలకు మాత్రం జంట కార్డులు నేటికీ ఉపయోగమే.

గేమింగ్‌కైతే పాతది అమ్మి, ఆ డబ్బు కలిపి మెరుగైన కార్డు ఒక్కటి కొనడమే లాభం.