మీకు తెలుసా? అక్కడ చెత్తను తూచి బిల్లు వేస్తారు!

దక్షిణ కొరియాలో చాలా అపార్ట్‌మెంట్ల కింద ఉండే తడిచెత్త డబ్బాకు కార్డు చూపిస్తేనే మూత తెరుచుకుంటుంది. మిగిలిన అన్నం, కూరలు అందులో వేయగానే డబ్బా బరువు తూచి, ఎన్ని గ్రాములో తెరపై చూపించి, ఆ ఇంటి లెక్కలో రాసేస్తుంది. నీళ్ల బరువుకూ డబ్బు కట్టాల్సిందే కాబట్టి అక్కడి ఇల్లాళ్లు చెత్తను బాగా వడకట్టి మరీ తెస్తారు.

ఈ పద్ధతి ఒక్కరోజులో రాలేదు; దాని వెనకున్న కథ ఇది.

◆ రాజధాని సియోల్ తన చెత్తను 1978 నుంచి 1993 వరకు నాన్జీదోలో పోసింది. 90 మీటర్లకు పైగా ఎత్తున రెండు గుట్టలు లేచాయి! 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నాటికి వాటిని పార్కులుగా మార్చారు.

◆ 1995 జనవరి 1 నుంచి మున్సిపాలిటీ అమ్మే సంచుల్లోనే చెత్త వేయాలన్నారు. సంచి ఎంత పెద్దదైతే ధర అంత ఎక్కువ. కాగితం, గాజు, డబ్బాలు వేరుచేసి ఇస్తే పైసా కట్టక్కర్లేదు.

◆ 2003లో బాధ్యత కంపెనీల మీదికీ వచ్చింది. ప్యాకింగ్ సామగ్రి తయారుచేసినవాళ్లే దాని రీసైక్లింగ్ ఖర్చు భరించాలి.

◆ తిండి వ్యర్థాలను నేరుగా భూమిలో పూడ్చడాన్ని 2005లో నిషేధించారు. ఇప్పుడు వాటిలో దాదాపు 95 శాతం ఎరువుగా, దాణాగా, బయోగ్యాస్‌గా మారుతోంది.

◆ 2018లో చైనా విదేశీ ప్లాస్టిక్ చెత్త వద్దనడంతో సియోల్ చుట్టుపక్కల కవర్లు తీసుకెళ్లే నాథుడు లేకపోయాడు. ఆ దెబ్బతో నిబంధనలు ఇంకా బిగిశాయి. 2020 డిసెంబరు నుంచి అపార్ట్‌మెంట్లలో రంగులేని నీళ్ల సీసాలను లేబుల్ చింపి, నలిపి, మూత బిగించి విడిగా ఇవ్వాలి. శుభ్రమైన ప్లాస్టిక్ అయితేనే మళ్లీ మంచి సరుకు తయారవుతుంది.

◆ 2024లో సర్క్యులర్ ఎకానమీ (వస్తువులను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి) పేరుతోనే చట్టం అమల్లోకి వచ్చింది. వస్తువు తయారీ దశలోనే చెత్త తగ్గాలన్నది దాని ఉద్దేశం.

ఇక మన దగ్గరికొస్తే, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో మొదలైన చెత్త పన్ను 2024లో రద్దయింది. అందులో నెలకు ఇంటికింత అని కట్టడమే; గుప్పెడు వేసినా గంపెడు వేసినా తేడా లేదు. కొరియాలో బిల్లు తగ్గించుకునే వీలు ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. మన పట్టణాలు మళ్లీ ఎప్పుడైనా రుసుము ఆలోచన చేస్తే, తడి పొడి వేరుచేసి తక్కువ చెత్త ఇచ్చే ఇంటికి తక్కువే పడేలా చూడాలి. ఆ శ్రమకు విలువ దక్కితేనే జనం కలిసొస్తారు.