చేతులు ఆనించకుండా లేవగలవా అమ్మా?

అమ్మ పిలవలేదు. ఇప్పటికీ నాకు మింగుడు పడనిది అదే.

దోహాలో మా ఇంటికి వచ్చి అప్పటికి ఐదు వారాలైంది. ఆ పొద్దున బాత్రూంలోకి వెళ్ళిన మనిషి అరగంటైనా బయటికి రాలేదు. తలుపు తడితే "వస్తున్నానమ్మాయ్" అంది. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ తడితే అదే మాట, కానీ గొంతు మారింది. గడియ వేసుకోలేదు కాబట్టి సరిపోయింది. లోపలికి వెళ్ళి చూస్తే కమోడ్ మీద కూర్చుని, ఒక చెయ్యి తువ్వాలు కడ్డీ మీద, ఇంకో చెయ్యి గోడ మీద వేసి ఉంది. పడలేదు, కళ్ళు తిరగలేదు, ఎక్కడా నొప్పి లేదు. లేవలేకపోతోంది, అంతే. నేను చంకల కింద చేతులేసి లేపాక నెమ్మదిగా అంది: "అల్లుడుగారు ఇంట్లోనే ఉన్నారు కదే, ఎలా పిలవను?"

అమ్మకి 71 ఏళ్ళు. మండపేటలో ఒక్కతే ఉంటుంది. ఐదు వారాల క్రితం హమద్ విమానాశ్రయంలో తన సంచి తనే లాక్కుంటూ వచ్చింది. మరి ఈ ఐదు వారాల్లో ఏమైంది? ఆ రాత్రి మావారూ నేనూ కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఏమీ కాలేదు. అదే సమస్య.

ఊళ్ళో అమ్మ కత్తిపీట ముందేసుకుని నేల మీద కూర్చుని కూరలు తరుగుతుంది. అంటే రోజుకి రెండుసార్లు కింద కూర్చుని లేస్తుంది. తులసికోట దగ్గర వంగుతుంది. గుడికి నాలుగు మెట్లు ఎక్కి దిగుతుంది. పెరట్లో బకెట్ మోస్తుంది. ఆవిడ వీటిని వ్యాయామం అనదు, మనమూ అనం. దోహాలో మా ఇల్లు తొమ్మిదో అంతస్తు. లిఫ్టుంది. కూరలు నిలబడి చాకుతో తరుగుతాం, అదీ నేనే. మెత్తటి సోఫా ఒకటుంది, దాంట్లో కూర్చుంటే సగం మనిషి కనపడదు. అమ్మ వంటింటివైపు ఒక అడుగు వేస్తే చాలు, "నువ్వు కూర్చోమ్మా, జీవితమంతా చేశావుగా" అని నేనూ, మావారూ, ఆఖరికి పన్నెండేళ్ళ మా వాడూ. ప్రేమగానే అన్నాం. ఐదు వారాలు ఆవిడ మా మాట విని కూర్చుంది.

ఇంకో సంగతి. లులు హైపర్‌మార్కెట్‌కి తీసుకెళ్తే గంటసేపు చకచకా తిరిగేది. "చూశావా, మీ అమ్మ ఎంత బాగా నడుస్తారో" అని మావారు మురిసిపోయేవారు. ట్రాలీ పట్టుకుని నడిచేది! ఆ ట్రాలీ ఊతకర్ర పని చేస్తోందని మాకు తట్టనే లేదు.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఫిజియోథెరపిస్టుని కలిశాం. మలయాళీ అమ్మాయి. రిపోర్టులు అడగలేదు, ముందు ఒక కుర్చీ వేసింది. చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమంది. అమ్మ ఒక్కసారి కూడా లేవలేకపోయింది. ముందుకి వంగింది, ముఖం ఎర్రబడింది, నడుము కుర్చీని వదల్లేదు. చేతులు ఆనించి లేవమంటే ఐదుసార్లకీ 24 సెకన్లు పట్టింది. ఆసియా దేశాల పెద్దవాళ్ళ కోసం 2019లో నిపుణులు పెట్టుకున్న లెక్క ప్రకారం, చేతుల సాయం లేకుండా ఐదుసార్లు లేవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ పని చేయడం తగ్గిందని అర్థమట.

దీన్నే డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటున్నారు. మనకి దీనికి సరైన మాట లేదు. బలహీనత అంటే జ్వరం వచ్చి తగ్గాక ఉండేదీ బలహీనతే. "వయసైపోయింది" అంటాం, దాంతో మాట అయిపోతుంది, చెయ్యాల్సిందీ అయిపోతుంది. 2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికన్ డాక్టరు, ఆమె సహచరులు దీన్ని ఐదు గుర్తులతో కొలవడం మొదలుపెట్టారు. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలు, ఆపైన తగ్గడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, తిరగడం తగ్గిపోవడం, ఏ పని చేసినా అలసట. మూడు ఉంటే ఫ్రెయిల్, ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. ఆ చివరి గుర్తుకి మాత్రం మన దగ్గర మంచి మాటే ఉంది, "ఓపిక లేదు" అని. సహనానికీ సత్తువకీ ఒకే మాట పెట్టుకున్నాం. అందుకే కాబోలు, అమ్మ "ఓపిక ఉండట్లేదే" అన్నప్పుడల్లా నేను దాన్ని మనసుకి సంబంధించిందనుకుని టీవీ పెట్టేదాన్ని.

ఇంటికొచ్చాక చాలా చదివాను. అన్నిటికంటే నన్ను కదిలించింది 1990లో బోస్టన్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగం. మరియా ఫియటరోన్ అనే డాక్టరు వృద్ధాశ్రమంలోని పదిమందిని తీసుకుంది. వాళ్ళ సగటు వయసు 90. వాళ్ళచేత వారానికి మూడురోజులు కాళ్ళతో బరువులెత్తించింది. నామమాత్రపు బరువులు కాదు, ఒక్కొక్కరూ ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. ఎనిమిది వారాలకి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేచారు. ముగ్గురిలో ఒక్కరే, నిజమే. కానీ తొంభైల్లో! మా అమ్మ వాళ్ళకంటే దాదాపు ఇరవై ఏళ్ళు చిన్నది.

ఆవిడే 1994లో వందమందితో ఇంకో పరిశోధన చేసింది. కొందరికి వ్యాయామం, కొందరికి బలానికి తాగే పోషకపానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాలకి వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపు దాటింది, నడక వేగం 12 శాతం దాకా పెరిగింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. గల్ఫ్ నుంచి ఊరికెళ్ళేటప్పుడు పెట్టెలో సగం నిడో డబ్బాలూ నొప్పుల నూనె సీసాలూ సర్దుకునే మనందరం ఇది రెండుసార్లు చదువుకోవాలి.

అలాగని తిండి అక్కర్లేదని కాదు. అమ్మ బరువు 52 కిలోలు. పెద్దవాళ్ళకి కిలోకి ఒక గ్రాముకి తగ్గకుండా ప్రొటీన్ కావాలంటారు. మా అమ్మ శనివారం ఒంటిపూట, మిగతా రోజుల్లో రాత్రికి రెండు ఇడ్లీలు, కాసింత మజ్జిగ. ఒక కప్పు పప్పులో ఏడెనిమిది గ్రాములుంటే గొప్ప. గుడ్డు ముట్టదు. చివరికి పెరుగు, పనీరు, శనగలు, రాత్రిపూట పెసరట్టు అని ఒప్పందం కుదిరింది. శనివారం మీద మాత్రం బేరం లేదంది.

ఇక వ్యాయామం. డైనింగ్ కుర్చీని గోడకి ఆనించి, కదలకుండా చూసుకుని, దానిమీద రెండు దిండ్లు వేశాం. ఎత్తు పెరిగితే లేవడం తేలిక. అలా చేతులు ఆనించకుండా ఐదుసార్లు, కాసేపు ఆగి మళ్ళీ ఐదు. పదిరోజులకి ఒక దిండు తీసేశాం. ఇంకో పదిహేను రోజులకి రెండోదీ. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోవాలి. అసలు బలం అక్కడే వస్తుందని ఆ మలయాళీ అమ్మాయి పట్టుబట్టింది. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడటం. గట్టు పక్కనే ఒక్క కాలి మీద నిలబడటం, చెయ్యి గట్టుకి అందేలా. హాల్లో టైల్స్ గీత వెంట ఒక పాదం ముందు ఇంకో పాదం పెడుతూ నడవడం, పక్కన నేను. అన్నీ కలిపి ఇరవై ఐదు నిమిషాలు, రోజు విడిచి రోజు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా దాదాపు ఇదే. 65 దాటినవాళ్ళకి నడక ఒక్కటే చాలదు, వారానికి మూడు రోజులకి తగ్గకుండా తూకం నిలిపేవీ బలం పెంచేవీ ఉండాలని. బీపీ, గుండె, మోకాళ్ళ సంగతి ముందు డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టాం. చేస్తుంటే గుండెలో పట్టేసినా కళ్ళు తిరిగినా వెంటనే ఆపెయ్యాలన్నది మొదటి షరతు.

మొదటివారం అమ్మ నామీద అలిగింది. "ఈ వయసులో నాచేత గుంజీళ్ళు తీయిస్తున్నావా?" అంది. మా వాడు ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని "అమ్మమ్మా, నిన్నటికంటే రెండు సెకన్లు తగ్గింది" అనడం మొదలుపెట్టాక అలక తీరింది. నా మాటకి లేని విలువ ఆ గడియారానికి ఉంది.

ఈ దేశంలో ముసలివాళ్ళు ఎంత తక్కువ కనిపిస్తారో అప్పుడే గమనించాను. జనాభాలో 65 దాటినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. మేమందరం పని వీసాల మీద వచ్చినవాళ్ళం, ఓపిక ఉన్నన్నాళ్ళే ఇక్కడ. ఖతారీ కుటుంబాల పెద్దవాళ్ళున్నారు. 1957లో తెరిచిన రుమైలా ఆసుపత్రి ఇప్పుడు వృద్ధుల వైద్యానికి పేరు. ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం జాతీయ క్రీడా దినం, 2012 నుంచి దేశమంతా సెలవు. ఆ రోజు అమ్మని కార్నిష్‌కి తీసుకెళ్ళాం. చలికాలం కాబట్టి సరిపోయింది. ఎండాకాలమైతే ఉమ్ అల్ సనీమ్ పార్కుకి పోవాలి, అక్కడ ఆరుబయట కిలోమీటరుకి పైగా నడకదారికి ఏసీ పెట్టారు. అమ్మకి చెబితే నమ్మలేదు. "వీధికి ఏసీయా?" అంది.

కార్నిష్‌లో సముద్రం పక్కన గట్టు మీద కూర్చుని, లేచేటప్పుడు నా చేతికోసం చూడలేదు. నేనేమీ అనలేదు. ఆ వారం లెక్క 14 సెకన్లు, చేతులు కట్టుకునే.

ఆ నెలాఖరున ఊరెళ్ళిపోయింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

మనందరం అమ్మానాన్నల్ని వీడియో కాల్లో చూస్తాం. వీడియోలో ఏం కనిపిస్తుంది? ముఖం. ముఖం బాగానే ఉంటుంది, మనల్ని చూడగానే ఇంకా బాగుంటుంది. బలం పోయేది తొడల్లో, పిక్కల్లో. అవి ఫోన్లో ఎప్పుడూ కనపడవు. నేను మూడేళ్ళపాటు రోజూ అమ్మని "చూశాను". ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేవడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు.

మా ఆఫీసులో జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవరున్నాడు. రెండేళ్ళకోసారి ఊరెళ్తాడు. ఒకరోజు కారులో ఇదంతా చెప్పాను. "మా అమ్మ మంచిగనే ఉన్నది మేడం, నిన్ననే మాట్లాడిన" అన్నాడు. ఫోన్ ఎవరికైనా ఇచ్చి, అమ్మని కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేవమను, నాలుగడుగులు నడిచి చూపించమను అన్నాను. సోమవారం కారెక్కాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పాడు, "లేస్తలేదు మేడం." ఆ సాయంత్రం కుర్చీ, దిండ్ల సంగతి వాళ్ళ చెల్లెలికి ఫోన్లో చెప్పాను.

మా శుక్రవారాలు ఇప్పుడిలా ఉంటాయి. ఇక్కడ పొద్దున్న ఏడు, మండపేటలో తొమ్మిదిన్నర. అమ్మ ఫోన్‌ని స్టూలు మీద బిందెకి ఆనించి, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది. ఫోన్ వాలిపోయి ఒక్కోసారి చీర కుచ్చెళ్ళూ పాదాలూ మాత్రమే కనిపిస్తాయి. అదే నాకు కావాలి. మా వాడు "రెడీ, స్టార్ట్" అంటాడు. పక్కింటి పిన్నిగారు కూడా వచ్చి కూర్చుంటున్నారీమధ్య. ఆవిడది ఇంకా ఒక దిండు మీదే.

ఆగస్టులో అమ్మకి వైరల్ జ్వరం వచ్చి రెండు వారాలు మంచం మీద ఉంది. లేచాక లెక్క మళ్ళీ 21కి పోయింది. బోస్టన్ వాళ్ళక్కూడా నాలుగు వారాలు వ్యాయామం మానేస్తే బలం 32 శాతం తగ్గిపోయిందని చెప్పాను. "తొంభయ్యేళ్ళ వాళ్ళతో నాకు పోలికేమిటే" అని కసిరి, ఒక దిండు మళ్ళీ కుర్చీ మీద వేసుకుంది.

మొన్న శుక్రవారం 17.